హగరిలో ఎదురొచ్చినామె

మొన్న వైశాఖంలో మా ఆదోనిలో గాలివాన దంచి కొట్టింది. మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు తడిసిపోతున్నాయని కోడలు గంపలు పట్టుకుని పరుగెత్తుతుంటే, నేను వరండాలో నిలబడి తడిమట్టి వాసన పీలుస్తున్నాను. ఈ వయసులో నాకెవరూ పని చెప్పరు, అదొక సుఖం. తెల్లారి మనవడు వచ్చి, "జేజీ, హగరికి నీళ్లొచ్చినాయంట. సూసొద్దామా?" అన్నాడు. వాడు తాళాలు వెతుక్కునే లోపల నేను చెప్పులు వేసుకుని కారులో కూర్చున్నాను.

మా పక్క ఎండాకాలంలో ఏరు రావడమంటే పిలవని పేరంటమే. అయినా ఊరు ఊరంతా చూడటానికి పోతుంది. వంతెన మీద జనం కిక్కిరిసి ఉన్నారు. కింద ఎర్రటి నీళ్లు తుమ్మకంపల్నీ జొన్నచొప్పనూ దొర్లించుకుంటూ పోతున్నాయి. పిల్లలు కేకలు పెడుతున్నారు, వాళ్లతో పాటు నేనూ ఒకటి పెట్టాను. మనవడు సిగ్గుపడి పక్కకు జరిగాడు. అందరూ నీళ్లను చూస్తుంటే నేను ఎగువన మా ఊరివైపు గట్టును చూస్తూ నిలబడ్డాను. యాభై, అరవై ఏళ్ల కిందట ఆ గట్టు కింద ఒక గుడిసె ఉండేది. అందులో ఉన్న మనిషి లేకపోతే నేనూ లేను, ఈ మనవడూ లేడు.

ఆమె పేరు నాకు తెలియదు. బండ్లవాళ్లు ఇసుకవ్వ అనేవాళ్లు. ఏ ఊరి మనిషో, ఎవరి మనిషో ఎవరైనా అడిగితే, "ఏంటికప్పా, సంబంధం సూస్తాండావా?" అని నోరు మూయించేది. మొగుడు ఎప్పుడో పోయాడని మాత్రం ఆమె బోసి నుదురు, బోసి చేతులు చెప్పేవి.

హగరి ఆ రోజుల్లో నీళ్లున్న ఏరు కాదు, ఇసుక ఉన్న ఏరు. వానకాలం నాలుగు నెలలు తప్పిస్తే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అర మైలు ఇసుకే. మేం దాటే చోట వంతెన లేదు, బండ్లు ఇసుకలోకి దిగి దాటేవి. పుష్యమాసంలో ఆమె ఆ ఇసుకలో గుంతలు తవ్వి, అడుగున ఎరువు వేసి, కలింగర విత్తనాలు నాటేది. పుచ్చకాయల్ని మేం కలింగర కాయలంటాం. చైత్రం వచ్చేసరికి ఆ తెల్లటి ఇసుక మీద పచ్చటి తీగలు, వాటి మధ్య కుండలంత కాయలు. తీగల పక్కనే ఆమె తవ్విన చెలమలు. ఇసుకలో మూరెడు తవ్వితే ఊరే నీళ్ల గుంతలవి. దాహమైన వాళ్లకు సొరకాయ బుర్రతో నీళ్లు ముంచి తానే పోసేది. ఎవరైనా చెలమలో చెయ్యి పెట్టారో, ఆ చేతికి ఆ పూట అన్నం సహించనంతగా తిట్టేది.

మా మేనత్తను హగరికి అవతల ఒక పల్లెకు ఇచ్చారు. తెలుగు, కన్నడం ఒకే కంచంలో కలుపుకుని తినే ఊరది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పత్తి వ్యాపారం చేసే పెద్దనాయనే ఇంటికి పెద్ద. ఆయన అటు పత్తి కోసం పోయినా, అత్తను చూడటానికి పోయినా, బండి కదిలే లోపలే నేను ఎక్కి కూర్చునేదాన్ని. నాకు అత్త మీద కన్నా హగరి దగ్గర వినపడే ఒక కేక మీద మోజు ఎక్కువ.

బండి ఇంకా గట్టు మీద ఉండగానే ఇసుకలోంచి ఆ కేక వచ్చేది.

"ఏమప్పా, మంచి పనికా, వట్టి పనికా?"

మొగుడు పోయిన ఆడమనిషి ఎదురైతే వెళ్లే పని చెడుతుందని అప్పట్లో అందరి నమ్మకం. మా ఇంట్లో మరీను. ఆమె ఉండేదేమో దారికి అడ్డంగా, నడి ఏట్లో. అందుకని ముందే అడిగేసేది. పెళ్లికో, సీమంతానికో పోయేవాళ్లు "మంచి పనికే" అని అరిస్తే, చేట ఒకటి మొహానికి అడ్డం పెట్టుకుని గుడిసె వెనక్కి పోయేది. బండ్లు అవతలి గట్టు ఎక్కేదాకా బయటికి వచ్చేది కాదు. "వట్టి పనికే" అంటే మాత్రం చేట పక్కన పారేసి, కొంగు నడుముకు దోపుకుని, యుద్ధానికి వచ్చినట్టు వచ్చేది.

ఒకసారి అత్త కూతురి సీమంతానికి పోతున్నాం. ఆమెను చూడకుండా పోవాల్సి వస్తుందని నాకు దిగులు. బండి తోలేవాడు నోరు తెరిచే లోపల నేనే, "వట్టి పనికే అవ్వా" అని అరిచాను. పెద్దమ్మ నా తొడ మీద పెట్టిన వాత లాంటి గిచ్చుడు ఇప్పటికీ గుర్తుంది. ఇసుకవ్వ కాయ పట్టుకుని గబగబా వచ్చింది. బండిలో పసుపు రాసిన తట్టలు చూసింది. చూసీ చూడగానే గిరుక్కున తిరిగి, కాయ ఇసుకలో పెట్టి వెళ్లిపోయింది. తిరుగు ప్రయాణంలో నన్ను పట్టుకుంది.

"అబద్ధం సెప్పినావు. కాయ తినేది నువ్వు, మాట పడేది నేను. ఇంగొక తూరి ఇట్ల సేసినావంటే సూడు."

అని, నా చెవి మెలిపెట్టి, ఆ మెలిపెట్టిన చేత్తోనే కాయ మీద మూడుసార్లు కొట్టింది. కాయను చెవి దగ్గర పెట్టుకుని వినకుండా ఎవరికీ ఇచ్చేది కాదు. పచ్చిదైతే, "ఇది ఇంకా సిన్నపిల్ల, నిద్రపోనీ" అని మళ్లీ తీగ పక్కన పడుకోబెట్టేది. ఊరికే మాత్రం ఒక్క కాయ ఇచ్చిన పాపాన పోలేదు. కాయకు దోసెడు జొన్నలు. మా పెద్దనాయన అంతటివాడు బేరం చేస్తే, "ఆదోనోళ్లు గదా, సెవుల్లో పత్తి ఉంటాది. మల్ల సెప్తా, దోసెడు" అనేది.

ఏటిని తోడికోడలు అనేది. "ఎనిమిది నెల్లు ఇల్లు నాకిడిచి పుట్టింటికి పోతాది. వచ్చినప్పుడు నేను ఖాళీ సెయ్యాల. మా ఇద్దరికీ మాటల్లేవు గానీ తగువూ లేదు." తోడికోడలు ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుందని నేనొకసారి అడిగాను. చెలమ దగ్గర కూర్చోబెట్టి, నీళ్ల అంచున గుచ్చిన పుల్లను చూపించింది. పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆ పుల్లను చూసుకునేది. ఎగువన ఎక్కడో వాన పడి ఏరు కదిలితే, నీళ్లు పైన కనపడక ముందే ఇసుక అడుగున నడిచి వస్తాయట. చెలమ ఉన్నట్టుండి పైకి ఉబికి, ఎర్రగా మారుతుందట. "అది ముందు కాలు పెట్టదు పాపా, ఊపిరి పెడతాది" అంది.  ఇంటికి పోయాక ఒక రోజంతా నీళ్ల తొట్టి ముందు కూర్చుని పుల్ల గుచ్చి చూశాను.

పంతొమ్మిది వందల ముప్ఫైల నడుమ నాకు ఆ మేనత్త కొడుకుతోనే పెళ్లయింది. కాపురానికి పంపే రోజు వచ్చింది. వైశాఖం, గురువారం. తెల్లవారుజామునే మూడు బండ్లు కట్టారు. మొదటి దాంట్లో నేను, పెద్దమ్మ. రెండో దాంట్లో పెద్దనాయన. మూడో దాంట్లో సారె. అరిసెలు, లడ్లు, ఇత్తడి బిందెలు, నా పెట్టె. బండి కదిలేటప్పుడు వీధివీధంతా వచ్చింది, మా అమ్మ తప్ప. ఆమె వెనక గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. కూతురు మంచి పనికి పోతుంటే తాను ఎదురు రాకూడదని. తలుపు బయట నిలబడి "అమ్మా, పోయొస్తా" అన్నాను. లోపలి నుంచి గాజుల్లేని చేతి చప్పుడు తలుపు మీద రెండుసార్లు వినపడింది. అంతే.

హగరి గట్టుకు చేరేసరికి ఒకటిన్నర కావస్తోంది. నెత్తిన ఎండ నిప్పులు కురిపిస్తోంది. దక్షిణాన మాత్రం ఆకాశం అంచున కాటుక రాసినట్టు నల్లటి గీత. యథాప్రకారం కేక వచ్చింది. బండి తోలేవాడు, "మంచి పనికేవ్వా, మా పాప కాపురానికి పోతాంది" అన్నాడు. చేట గుడిసె వెనక్కి పోవడం కనపడింది. మేం ఇసుకలోకి దిగాం.

నడి ఏట్లోకి వచ్చాక పెద్దనాయన గడియారం తీసి చూసి, "ఆపండి" అన్నాడు. రాహుకాలం మొదలైంది, మూడింటిదాకా ఉంటుంది. ముందుకు పోయి గట్టెక్కితే అత్తవారి పొలిమేర, రాహుకాలంలో కొత్తకోడలు పొలిమేర తొక్కకూడదు. వెనక్కి పోదామా అంటే మంచి శకునం చూసుకుని బయల్దేరిన ప్రయాణం, వెనకడుగు పనికిరాదు. ముందుకు పోకూడదు, వెనక్కి పోకూడదు కాబట్టి ఉన్నచోటే ఉండాలని ఆయన తీర్మానం. ఏటి మధ్యలో ఎద్దుల్ని విప్పించాడు. పెద్దమ్మ చిత్రాన్నం మూట విప్పింది. ఇంతమంది పెద్దమనుషులు పంచాంగం ప్రకారం ఏట్లో కూర్చున్నారు.

కాసేపటికి గుడిసె వెనక నుంచి కేక.

"ఏమప్పో, ఏరు వస్తాండాది. గట్టెక్కండి."

పెద్దనాయన నవ్వాడు. "వైశాఖంలో ఏరంట. కాయలు కోస్తామని దాని భయం."

మళ్లీ కేక, మళ్లీ నవ్వు. మూడోసారి ఆమే వచ్చింది. మొహానికి చేట అడ్డం పెట్టుకుని, తన కాళ్లు తాను చూసుకుంటూ. పెద్దమ్మ చేతిలో ముద్ద వదిలేసి లేచింది.

"రావద్దు, రావద్దు. ఆడనే నిలబడు. పిల్ల కాపురానికి పోతాంటే కండ్లు కనపడవా నీకు?"

ఆమె ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయింది. చేట వెనక నుంచే మాట్లాడింది.

"మీ పక్కనుండే సెలమ సూడండప్పా. పుల్ల మునిగింది. దచ్చినాన మబ్బు సూడండి. గట్టెక్కి కూసోండి, నేను మీ ముందుకు రాను."

"మూడు గంటలకు ముందు ఈడి నుంచి కదిలేది లేదు" అని పెద్దనాయన గడియారం ఎత్తి చూపించాడు.

"గడియారం సూసి వస్తాదా ఏరు?"

"నీతో నాకేం మాటలు? పో."

నేను బండిలో కూర్చుని చెలమ వైపు మెడ సాచాను. పుల్ల కనపడలేదు.  పెద్దనాయనతో చెబుదామని నోరు తెరిచాను. కొత్తకోడలు మగవాళ్ల మాటల్లో దూరకూడదని పెద్దమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. నేను నోరు మూసుకున్నాను. ఆ పాపం నాది, ఒప్పుకుంటున్నాను.

 ఇసుకవ్వ చేటను దించి ఇసుక మీద పెట్టింది. జాగ్రత్తగా, బోర్లా పెట్టింది. పెట్టి, తిన్నగా నడుచుకుంటూ వచ్చి నా బండి ముందు నిలబడి నా మొహంలోకి చూసింది.

"సూడు పాపా. బాగా సూడు నన్ను."

ఆ బోసి నుదురు మీద చెమట. ఆ కళ్లలో తిట్టు లేదు, పంతం లేదు. అందరికీ అపశకునం కనపడి ఉంటుంది. నాకు మాత్రం పొద్దున చూడకుండా వచ్చేసిన అమ్మ మొహం చూసినట్టే ఉంది. కళ్లు తిప్పుకోలేదు.

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "అయిపాయె. పిల్ల బతుకు అయిపాయె." పెద్దనాయన చెర్నాకోల లాక్కుని వచ్చాడు. ఒక్కటి పడింది ఆమె భుజం మీద. ఆమె అంగుళం కదల్లేదు.

"కొట్టుకో అప్పా. కొట్టినాక ఎనక్కి తిప్పుకో. నేను ఎదురొచ్చినాక ముందుకు పోతావా?"

పోలేడు. ఆయన ఏర్పరచుకున్న లెక్కే అది. చెడ్డ ఎదురు వస్తే వెనక్కి మళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరాలి. రాహుకాలం కన్నా ఇది పెద్ద చిక్కు. ఆయన చెర్నాకోల పారేసి, మొహం కడుక్కోవడానికి చెలమ దగ్గరికి పోయి వంగాడు. ఎంతకూ లేవలేదు. లేచేసరికి మొహం రంగు మారిపోయింది. కోపమనుకున్నాను.

"ఎద్దుల్ని కట్టండి. ఎనక్కి. బెరీన, బెరీన."

అబ్బా, ఆ పావుగంట. ఎద్దులు ఇసుకలో మోకాళ్లదాకా దిగబడుతున్నాయి. బండివాళ్లు తోకలు మెలిపెడుతున్నారు. నేను కిందికి దూకి పరుగెత్తాను, పట్టుచీర కుచ్చిళ్లు రెండు చేతుల్తో ఎత్తిపట్టుకుని. పెద్దమ్మ నన్ను తిడుతూ, ఆమెను తిడుతూ, మధ్యలో దేవుణ్ని పిలుస్తూ నా వెనక. సారె బండి ఒకచోట కూరుకుపోయింది. తిరిగి చూస్తే ఇసుకవ్వ దాని చక్రానికి భుజం పెట్టి తోస్తోంది, దెబ్బ తిన్న భుజమే. బండి కదల్లేదు. ఆమె ఎద్దుల మెడపట్టెలు విప్పేసి, వాటి వీపుల మీద చరిచి తరిమింది.

ముందు వాసన వచ్చింది. నెత్తిన ఎండ, ముక్కులో వాన వాసన. తర్వాత చప్పుడు. మా ఆదోనిలో పొద్దున్నే జిన్నింగు మిల్లు మొదలయ్యేటప్పుడు కాళ్ల కింద నేల గుర్రుమంటుందే, అలాంటి రొద. మేం గట్టు ఎక్కి తిరిగామో లేదో ఎగువ మలుపు దగ్గర ఏరు కనపడింది. నేను అనుకున్నట్టు నీళ్లలా లేదు. కంప, చెత్త, నురగ కలిసిన ఒక కట్ట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా దొర్లుతూ వస్తోంది. మోకాలెత్తు ఉందనుకున్నాను, చూస్తుండగానే మనిషెత్తు అయింది. మేం చిత్రాన్నం తిన్న చోటు పోయింది. తీగలు, కాయలు ఒక్కసారిగా లేచి బంతుల్లా ఎగిరి పోయాయి. సారె బండి ఒకసారి తల తిప్పి చూసినట్టు తిరిగి పడిపోయింది. ఇత్తడి బిందెలు ఎండలో తళుక్కుమంటూ వరసగా తేలిపోతుంటే నేను చప్పట్లు కొట్టాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, కొట్టాను. బతికి ఉన్నానన్న సంతోషం అలా బయటపడింది. భయం రాత్రికి వచ్చింది, ఒళ్లు కాలిపోయే జ్వరంతో పాటు.

పెద్దనాయన మనుషుల్ని లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. ఆరు ఎద్దులూ ఉన్నాయి. ఇసుకవ్వ మాకు దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడి ఉంది. గుడిసె లేదు, తీగలు లేవు, చేట లేదు. చేట లేదు కాబట్టి కొంగు మొహానికి కప్పుకుని, మాకు వీపు తిప్పి నిలబడింది. మేం ఇంకా మంచి పని మీదే ఉన్నాం కదా.

నేను అటు రెండడుగులు వేశాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని అందరికీ వినపడేట్టు అంది.

"సూస్తిరా? దాని మొగం సూస్తానే ఏరు వచ్చె."

అందరూ పెద్దనాయన వైపు చూశారు. ఆయన ఏటిని చూస్తూ, "ఊఁ" అన్నాడు.

ఆ ఒక్క ఊఁతో కథ ఖాయమైపోయింది. నేను పది రోజుల తర్వాత ఇంకో ముహూర్తానికి కాపురానికి పోయాను. మా అత్తవారింట్లో, పుట్టింట్లో పదేళ్లపాటు అదే కథ చెప్పుకున్నారు. విధవ ఎదురొచ్చింది, వైశాఖంలో ఏరు వచ్చింది, సారె మొత్తం పోయింది. వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాళ్లు. పుట్టింట్లో ఆ కథ మొదలవగానే అమ్మ లేచి వంటింట్లోకి పోయేది. నేను తల వంచుకుని కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే పెద్దనాయన మమ్మల్ని ఏట్లో కూర్చోబెట్టాడని చెప్పాలి. తండ్రి లేని నన్ను పెంచి, పెళ్లి చేసి పంపినవాడాయన.

యుద్ధం రోజుల్లో, కిరసనాయిలు చుక్క దొరకని కాలంలో, చంకలో పిల్లవాడితో ఒంటిబండి మీద ఆదోనికి వస్తున్నాను. గట్టు దగ్గర ఆ కేక విని ప్రాణం లేచి వచ్చింది. "వట్టి పనికే అవ్వా" అని నేనే అరిచాను. ఈసారి అబద్ధం కాదు. వచ్చింది. నడుము వంగింది, నోరు వంగలేదు. పిల్లవాణ్ని చూసి, "మొగం మీ అత్తది. పోనీలే, సెవులన్నా మంచివి" అంది.

నేను బండి దిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్లు ఎవరితోనూ అనని మాట అన్నాను. ఆ రోజు నువ్వు కావాలనే ఎదురొచ్చావని నాకు తెలుసు, ఈసారి ఇంటికి పోయి అందరి ముందూ చెప్పేస్తాను అన్నాను.

ఆమె చెయ్యి లాక్కుంది.

"సెప్పొద్దు."

"ఏంటికవ్వా? నిన్ను యాడ సూసినా తిడతాండారు."

"తిట్టనీ. నీ తర్వాత ఇంగొక పెండ్లి బండి ఇట్లనే ఏట్లో ఆగింది. కూతలు పెడితే ఇనలేదు. నేను ఎదురుబోతి, తిరిగినారు. నా మాట ఎవరూ ఇనరు పాపా, నా మొగానికి ఇంటారు. నేను మంచిదాన్నని నువ్వు ఊరంతా సాటితే, రేపు నేను ఎదురొస్తే ఎవరు తిరుగుతారు? నేనుండేదాంకా ఉండనీ. పోయినాక నీ ఇష్టం."

నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. ఇంత తెలివి ఉన్న మనిషి ఆ తెలివిని ఇలాంటి పనికి వాడుకోవాల్సి వచ్చిందే అని. ఆమె నా ఏడుపు చూసి, ఒక కాయ తెచ్చి చెవి దగ్గర పెట్టుకుని కొట్టి, "ఇది పండింది. ఏడ్చేది ఆపి తిను. ముందు దోసెడు జొన్నలు పెట్టు" అంది. పెట్టాను.

నలభైలు అయిపోవస్తుండగా నేను పుట్టింట్లో ఉన్నప్పుడు ఎమ్మిగనూరు సంతకు ఎద్దులు తోలుకుపోయే మనిషి ఒకడు మా అరుగు మీద నీళ్లు తాగుతూ చెప్పాడు, హగరిలో ఇసుకవ్వ చచ్చిపోయిందని. గుడిసెలో పడుకున్నది పడుకున్నట్టే పోయిందట. బండ్లవాళ్లు నలుగురు కలిసి గట్టు మీద పూడ్చారట.

పెద్దమ్మ వక్క నములుతూ, "పోయిందా. దారికి పట్టిన పీడ పోయె" అంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఎవరికీ అర్థం కాలేదు. చెలమ, మునిగిన పుల్ల, బోర్లా పెట్టిన చేట, భుజం మీద దెబ్బ, బండి చక్రం, అన్నీ చెప్పాను. మమ్మల్ని ఏట్లో కూర్చోబెట్టింది ఎవరో కూడా చెప్పాను.  చెప్పడం అయిపోయేసరికి వంటింటి గడపలో అమ్మ వచ్చి నిలబడి ఉంది. పెద్దమ్మ వక్క నమలడం ఆపేసింది.

పెద్దనాయన పరుపు మీద కూర్చుని చేతిలో ఉన్న పత్తి పింజను విడదీస్తున్నాడు. ఆయనకు అప్పటికే కళ్లు మసకలు. నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. తల ఎత్తాడు.

"నాకు ఆ పొద్దే తెలుసు పాపా. సెలమలో సెయ్యి పెట్టినా గదా. నీళ్లు ఎర్రగా ఉండె."

"మరి ఊఁ అని ఏంటికి అంటివి?"

"ఇంగేమనాల? అందరినీ తెచ్చి ఏట్లో పెట్టింది నేను. ఆ మాట ఎవరన్నా అంటారేమోనని బయపడతా ఉంటి. మీ పెద్దమ్మ ఆమె పేరు సెప్పె. ఊఁ అనేసినా."

 పింజను పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి పెరట్లోకి పోయాడు. నేను వెనకే పోయాను. బావి దగ్గర అంగీ విప్పి, చేద వదిలి, తోడుకుని, కట్టుబట్టతోనే తల మీద గుమ్మరించుకున్నాడు. చావు కబురు విని తలకు పోసుకోవడం మా ఇళ్లల్లో రక్తసంబంధం ఉన్నవాళ్లకే చేస్తారు. కులం తెలియని మనిషికి, పేరు తెలియని మనిషికి ఎవరూ చెయ్యరు. పెద్దమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

రెండో చేద నేను తోడుకున్నాను. మూడో చేదకు అమ్మ వచ్చి తాడు అందుకుంది.